ఆవిడ కోసం ఒక బెల్లు

"అలా కాదండీ, కిందినుంచి పైకి చుట్టాలి. పైనుంచి మొదలుపెడితే సాయంత్రానికి జారి మడమ దగ్గర మూటకడుతుంది," అంది భార్య.

"నిన్న కిందినుంచి చుడితే పైనుంచి చుట్టమన్నావు."

"నిన్న వాపు వేరే చోట ఉంది."

ఆయన చుట్టిన పట్టీ విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆవిడ మంచం అంచున కూర్చుని ఉంది. ఆయన ఎదురుగా పీట వేసుకుని, ఆవిడ కుడికాలు తన తొడ మీద పెట్టుకున్నాడు. మోకాలు ఉబ్బి, చర్మం బిగిసి నున్నగా మెరుస్తోంది. దాని కింద పిక్క మాత్రం ఎండిపోయి, వేరే మనిషిది తెచ్చి అతికించినట్టుంది. పట్టీ చివర పిన్నీసు గుచ్చేటప్పుడు ఆయన నాలుక కొస బయటపెట్టాడు. పెళ్ళయిన కొత్తలో, ఆవిడ బట్టల కొట్టు వాళ్ళకి కాజాలు కుట్టిపెట్టే రోజుల్లో, సూదిలో దారం ఎక్కించమన్నా ఇలాగే నాలుక బయటపెట్టేవాడని ఆవిడ ఇప్పటికీ ఆటపట్టిస్తుంది.

పట్టీ పని అయ్యాక ఆయన మంచం పక్కన అన్నీ సర్దాడు. నీళ్ళ సీసా, మాత్రలు, మధ్యాహ్నం తినడానికి మూతపెట్టిన గిన్నె, చెంచా, ఫోను, చేతికర్ర. సర్దినవన్నీ ఒకసారి చూసుకుని, ఫోన్ ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

"ఇవాళ తెస్తున్నారా ఆ బెల్లు?" అడిగింది ఆవిడ.

"తెస్తా. మధ్యాహ్నం పర్మిషన్ అడుగుతా."

"అడుగుతారా మీరు?" అని నవ్వింది. ఆయన పర్మిషన్ అడిగినట్టు ఆవిడెప్పుడూ వినలేదు. నవ్వు ఆపుకుని, "ఏదో ఒకటి తెచ్చెయ్యండి. లేకపోతే ఆదివారం వాడు నన్ను తీసుకుపోడానికి బండి వేసుకుని దిగుతాడు," అంది.

వాడంటే ఆవిడ తమ్ముడు. పోయిన నెల జరిగిందానికి వాడు భయపడిపోయాడు. వాణ్ణి అనడానికీ లేదు. ఆ రోజు ఆవిడ మంచినీళ్ళ కోసం వంటగదిలోకి వెళ్ళింది. మోకాలు మడతపడి, పొయ్యి గట్టుకీ తలుపుకీ మధ్య పడిపోయింది. అరిచినా వినేవాళ్ళు లేరు, పక్కవాటాలో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగస్తులే. ఫోన్ మంచం మీద ఉండిపోయింది. మధ్యాహ్నం అలవాటు ప్రకారం ఆయన ఆఫీసునుంచి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. కునుకు తీస్తోందేమో అనుకున్నాడు. ఇంకోసారి చేద్దామనుకునేలోగా నెత్తి మీద ఆఫీసరు బెల్లు మోగింది, లేచి వెళ్ళాడు. తర్వాత పనిలో పడిపోయాడు. సాయంత్రం తలుపు తీసేసరికి ఆవిడ నేల మీద అలాగే ఉంది, చెంపకి గచ్చు మరకలు పడి, బట్టలు తడిసి. ఆయన సంచీ పక్కన పడేసి ఆవిణ్ణి లేపబోయాడు. ఆవిడే, "మధ్యాహ్నం మీరు ఫోన్ చేశారుగా, అప్పుడు టైమెంతైందో తెలిసింది. ఇంకాసేపట్లో వచ్చేస్తారులే అనుకున్నా," అంది. ఆ మాట ఆయన్ని నిద్రపోనివ్వడం లేదు. తిట్టిపోసినా బాగుండేది.

"బావా, మీరేమన్నా అనుకోండి," అన్నాడు బావమరిది, చూడ్డానికి వచ్చినప్పుడు. "ఉద్యోగమైనా మానెయ్యండి, లేదా అక్కనైనా నాతో పంపండి. రెండింట్లో ఒకటి."

ఉద్యోగం మానేస్తే పూట గడవదు. ఆ సంగతి బావమరిదికీ తెలుసు. అక్కని తీసుకెళ్తానన్నాడు గానీ, ఇద్దరినీ రమ్మనడానికి వాడి ఇంట్లో చోటు లేదు. పిల్లలు లేని ఈ ఇద్దరూ ఒకళ్ళ గొణుగుడు ఒకళ్ళు వింటూ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చారు. ఇప్పుడొచ్చి విడదీస్తానంటున్నాడు. తమ్ముడు వెళ్ళాక ఆవిడ, "వాడింట్లో కిటికీ తీస్తే ఎదురుగా గోడ. నేను పోను," అంది. మళ్ళీ తనే, "మీకు పట్టీ చుట్టడం రాకపోయినా అలవాటైపోయింది," అంది. అంతకన్నా ముద్దు మాట ఆవిడ నోట ఆయనెప్పుడూ వినలేదు.

ఆయన చేసేది అటెండరు ఉద్యోగం. ఆఫీసరు గది తలుపు పక్కన ఒక స్టూలు, దానికి పైన గోడకి ఒక బెల్లు. అది మోగితే లేచి లోపలికి వెళ్ళాలి. కాయితాలు ఈ గదినుంచి ఆ గదికి, ఈ అంతస్తునుంచి ఆ అంతస్తుకి మొయ్యాలి. మళ్ళీ వచ్చి కూర్చోవాలి. ఒక మనిషి ఆయుష్షంతా ఇంతేనా అంటే ఇంతే. రిటైరైన రోజు సాయంత్రం అందరూ చేతులు కలిపి, ఇంక హాయిగా విశ్రాంతి తీసుకోమని పంపించారు. ఆ స్టూలుకి కొత్త మనిషిని వెయ్యలేదు గనక, సోమవారం పొద్దున ఫోన్ చేసి మళ్ళీ రమ్మన్నారు. టీ గ్లాసు కూడా మారలేదు.

ఇన్నేళ్ళూ బెల్లుకి లేవడమే గానీ, ఆయన తన చేత్తో బెల్లు కొట్టింది లేదు. ఇంటికి బెల్లు లేదు. ఎవరింటికైనా వెళ్తే వేళ్ళతో తలుపు తడతాడు. బెల్లు ఉంటే పక్కకి జరిగి, ఆవిణ్ణి కొట్టమంటాడు. "అదేమన్నా కరుస్తుందా?" అంటుంది ఆవిడ. ఆయన నవ్వేస్తాడు. ఒక మనిషిని కూర్చున్నచోటినుంచి లేపడమంటే ఏమిటో ఆయనకి ఒళ్ళంతా తెలుసు.

ఆ రోజు మెట్లెక్కుతుంటే రెండో అంతస్తు దగ్గర ఆయాసం వచ్చింది. ఎడమచెయ్యి బరువుగా ఉంది. పొద్దున నీళ్ళ బకెట్టు ఆ చేత్తోనే మోశాను కదా అని సర్దిచెప్పుకున్నాడు. వెనకాల వచ్చేవాళ్ళు చూస్తే బాగుండదని, గోడకి ఆనుకుని కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. అద్దాలు తళతళలాడేదాకా తుడిచి, ఊపిరి చిక్కాక మిగతా మెట్లెక్కాడు.

ఆవిడకి తెస్తానన్న బెల్లు సంగతి ఆయనకి చెప్పింది హెడ్ క్లర్కు మేడమ్. వాళ్ళత్తగారికి ఒకటి పెట్టించారట. మెడలో చిన్న బిళ్ళ వేలాడుతుంది, దాన్ని నొక్కితే ఇంట్లో ఉన్న డబ్బాలోంచి ఎవరో మనిషి మాట్లాడతారు, అవసరమైతే సాయం పంపిస్తారు. "రకరకాలున్నాయి పెద్దాయనా. మీరే వెళ్ళి చూసుకుని తీసుకోండి," అని కొట్టు ఎక్కడుందో కూడా చెప్పింది.

పొద్దుటినుంచీ బెల్లు మోగినప్పుడల్లా, ఈసారి అడిగేద్దాం అనుకుంటూ లోపలికి వెళ్ళాడు. ప్రతిసారీ చెప్పిన పని చేసి బయటికొచ్చాడు. భోజనాల వేళ దగ్గరపడ్డాక ఇంక తప్పదని, బెల్లు మోగకుండానే తలుపు తోశాడు. ఆఫీసరు తలెత్తి, "నేను పిలవలేదే," అన్నాడు. మంచివాడే, వయసులో చిన్నవాడు. ఎప్పుడూ తొందరలో ఉంటాడు.

"లేదు సార్. ఒక గంట పర్మిషన్ కావాలి సార్."

"దేనికి?"

ఆయన చెప్పాడు. ఆవిడ పడిపోయిన సంగతీ చెప్పాడు.

"ఫోన్లో ఆర్డర్ పెడితే ఇంటికే తెచ్చిస్తారు కదండీ," అన్నాడు ఆఫీసరు.

"చూసి తీసుకుంటాను సార్."

"సరే, వెళ్ళిరండి. మరి ఇక్కడ బెల్లుకి ఎవరు..." అంటూనే ఆఫీసరు మాట మధ్యలో ఆపేసి, వెళ్ళండి వెళ్ళండి అన్నట్టు చెయ్యూపాడు.

కొట్టు ఇరుకుగా, చల్లగా ఉంది. రెండు పక్కలా చక్రాల కుర్చీలు, నాలుగుకాళ్ళ చేతికర్రలు, బాత్రూమ్ గోడకి బిగించే కడ్డీలు, పడకలో వాడే పళ్ళేలు. ఎవరికీ సరదాగా కొనాలనిపించని వస్తువులన్నీ ఒకచోట చేర్చినట్టుంది. కౌంటరు వెనక ఒక అమ్మాయి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆయన మొహం చూసి ఇచ్చి ఉంటుంది.

"ఎవరికండీ? మీకేనా?"

"మా ఆవిడకేనమ్మా. నాకెందుకు, నేను బాగానే తిరుగుతున్నాగా."

ఆ అమ్మాయి ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి గోడకి బిగించేది, తాడు లాగితే మోగుతుంది. ఒకటి చేతికి గడియారంలా పెట్టుకునేది. ఒకటి మెడలో వేసుకునే బిళ్ళ. ఇంకొకటి అన్నిటికన్నా ఖరీదైనది, మనిషి పడితే నొక్కకపోయినా తనంతట తానే మోగుతుంది. ఆయన ఒక్కోదాన్నీ అరచేతిలో పెట్టుకుని చూశాడు. తాడు రకం పక్కకి జరిపేశాడు. ఆవిడ వంటగదిలో పడ్డ రోజు ఆ తాడు ఉన్నా, పడకగది గోడకి ఉండేది. గడియారం రకమూ వద్దన్నాడు. ఆవిడ గిన్నెలు తోమేముందు చేతివి అన్నీ తీసి పక్కన పెట్టేస్తుంది, మళ్ళీ వేసుకోవడం సాయంత్రానికి గానీ గుర్తురాదు.

"అయితే ఇదే తీసుకోండి," అంది అమ్మాయి, తనంతట తానే మోగేదాన్ని ముందుకి తోసి. "అందరూ ఇదే అడుగుతున్నారు."

"మా ఆవిడ కూర్చునేటప్పుడు దభీమని కూలబడుతుందమ్మా, మోకాళ్ళ మూలంగా. అప్పుడూ మోగుతుందా?"

అమ్మాయి కాస్త ఆలోచించి, "మోగొచ్చండీ," అని ఒప్పుకుంది. "వాళ్ళు పలకరిస్తారు, ఏం లేదని చెప్తే సరిపోతుంది."

ఆయన తల అడ్డంగా ఊపాడు. మాటిమాటికీ ఊరికే మోగే బెల్లుకి లేచే మనిషి ఎలా ఉంటాడో ఆయనకి తెలుసు. మొదట్లో పరుగున లేస్తాడు. కొన్నాళ్ళకి నిదానంగా లేస్తాడు. ఆ తర్వాత, నిజంగా అవసరమైన రోజున, చేతిలో టీ పూర్తిచేసి మరీ లేస్తాడు. తను కూడా అలా టీ పూర్తిచేసి లేచిన రోజులున్నాయి. ఇవన్నీ ఆ పిల్లకేం చెప్తాడు? "వద్దులేమ్మా, నొక్కితేనే మోగేది చాలు," అన్నాడు.

ఎలా పనిచేస్తుందో చూపిస్తానని అమ్మాయి బిళ్ళ నొక్కింది. బల్ల మీద డబ్బా గట్టిగా మోగింది. ఆయన చటుక్కున లేచి నిలబడ్డాడు. చొక్కా గుండీ కూడా సర్దుకున్నాడు.

"కూర్చోండి పెద్దాయనా, అది మనకి కాదు," అంది అమ్మాయి నవ్వు ఆపుకుంటూ.

"అలవాటమ్మా," అని ఆయన కూడా నవ్వి కూర్చున్నాడు.

డబ్బాలోంచి ఎవరో పలకరించారు. అమ్మాయి ఊరికే చూపిస్తున్నామని చెప్పి ఆపేసింది. ఆయనకి డబ్బా కన్నా ఆ గొంతు మీదే ధ్యాస పోయింది. అటువైపు ఎంతమంది ఉంటారు? పొద్దున వచ్చినవాళ్ళే రాత్రిదాకా ఉంటారా? వాళ్ళు భోజనానికి లేచిన వేళ నొక్కితే ఎవరు పలుకుతారు? చివరికి గొంతు తగ్గించి, "కసురుకోరు కదమ్మా?" అని అడిగాడు. "మా ఆవిడకి మొహమాటం ఎక్కువ. ఒకసారి విసుక్కున్నారంటే ఇంక ప్రాణం పోతున్నా నొక్కదు."

అమ్మాయి ఇన్నాళ్ళూ బ్యాటరీ ఎంతకాలం వస్తుంది, నీళ్ళల్లో తడవొచ్చా అనే ప్రశ్నలకే జవాబులు చెప్పింది. ఈ ప్రశ్నకి ఆయన మొహంలోకి చూసి, "కసురుకోరండీ. మా అమ్మమ్మకీ ఇదే పెట్టాం. ఆవిడ ఊరికే కబుర్లకి కూడా నొక్కేస్తుంది," అంది.

ఆయనకి అది చాలు. మెడలో వేసుకునే బిళ్ళే తీసుకున్నాడు. దాన్ని స్నానానికి కూడా తియ్యక్కర్లేదట. డబ్బు కట్టి, సంచీ చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. ఎండలో నడుస్తుంటే ఒళ్ళంతా చెమట పట్టి, మళ్ళీ చల్లబడింది. బస్ స్టాపు బెంచీ మీద కూర్చున్నాడు. వచ్చిన బస్సు ఎక్కడానికి కాళ్ళు లేవలేదు. తర్వాతి బస్సు ఎక్కాడు.

ఆఫీసుకి చేరేసరికి గంట దాటిపోయింది. స్టూలు మీద ఎవరో కాయితాల కట్ట పెట్టి ఉంచారు. ఆఫీసరు తలుపు తీసి, "వచ్చారా? దొరికిందా?" అని అడిగి, జవాబు వినకముందే ఫోన్ మోగడంతో లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన సంచీని స్టూలు కింద జాగ్రత్తగా పెట్టి, ఆ కట్ట ఎత్తుకుని కింది అంతస్తుకి దిగాడు. మళ్ళీ ఎక్కాడు. మధ్యాహ్నమంతా అదే పని. సాయంత్రం హెడ్ క్లర్కు మేడమ్ ఆయన్ని చూసి, "ఏంటి పెద్దాయనా, మొహం అలా పీక్కుపోయింది? ఇంటికెళ్ళిపోండి, నేను చెప్తాలే," అంది.

"ఇంకెంతసేపమ్మా, అయిపోవచ్చింది," అన్నాడు ఆయన. మధ్యాహ్నం ఒకసారి అడిగాడు. ఒకే రోజు రెండుసార్లు అడగడం ఆయన వల్ల కాదు.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. తలుపు తీస్తూనే రోజూలాగే ముందు నేలకేసి చూశాడు. నేల ఖాళీగా ఉంది. ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. అప్పుడు గానీ చెప్పులు విప్పలేదు.

"తెచ్చారా? చూపించండి," అని ఆవిడ చెయ్యి చాపింది. ఆయన పెట్టె విప్పి, డబ్బాని పడకగదికీ వంటగదికీ మధ్య ఉన్న గూట్లో పెట్టి, ప్లగ్గు గుచ్చాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. బిళ్ళ ఆవిడ మెడలో వేశాడు.

"బాగుంది. ఆవు మెడలో గంట కట్టినట్టు. తప్పిపోతే వెతుక్కోవచ్చనా?"

"నువ్వు తప్పిపోయే రకమైతే బాగానే ఉండేది. నొక్కి చూడు ఒకసారి."

"మీరు నొక్కండి."

"నీదే కదా. నువ్వే నొక్కాలి."

ఆవిడ నొక్కింది. డబ్బా మోగింది. రెండో మోతకి ఆడపిల్ల గొంతు, "నమస్కారం అమ్మా, చెప్పండి, ఏం సాయం కావాలి?" అంది. ఆయన వంటగది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి వింటున్నాడు.

"ఏం లేదమ్మా, ఊరికే, పనిచేస్తుందో లేదో చూద్దామని," అంది ఆవిడ కంగారుగా. "కూర్చో, కూర్చో, లేవకు."

అటువైపు పిల్ల నవ్వింది. "కూర్చునే ఉన్నానమ్మా. పేరూ చిరునామా సరిచూసుకుంటాను, ఉండండి," అని అడగాల్సినవి అడిగింది. ఆవిడ అన్నిటికీ జవాబు చెప్పి, "నీ గొంతు బొంగురుపోయిందేమ్మా? గోరువెచ్చటి నీళ్ళు తాగు," అని సలహా కూడా ఇచ్చింది. పెట్టేశాక, ఆవిడ మొహం వెలిగిపోతోంది. పొద్దుటినుంచీ నోరు విప్పడానికి మనిషి లేడు మరి.

"చూశావా, ఒక్క నొక్కుకి పలికింది," అన్నాడు ఆయన. "నొక్కితే చాలు, మనుషులు పరుగెత్తుకొస్తారు. కొట్లో అమ్మాయి చెప్పింది." ఆ మాట ఆయన అప్పటికి మూడుసార్లు చెప్పాడు.

ఆవిడ వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. డబ్బా గురించి చెప్పింది, పిల్ల గొంతు గురించి చెప్పింది, మెడలో వేసుకుని స్నానం కూడా చెయ్యొచ్చని చెప్పింది. అటువైపునుంచి ఏవో సందేహాలు వస్తుంటే కొట్టిపారేసింది. "బండీ గిండీ వద్దురా. ఆదివారం భోజనానికి రా. నేనెక్కడికీ రావట్లేదు," అని పెట్టేసింది. తర్వాత ఆయనకేసి చూసి, "ఒప్పుకున్నాడు," అంది.

ఆయన నెల రోజులుగా బిగపట్టుకున్న ఊపిరి వదిలాడు. ఆనందంగానే ఉంది. కానీ ఆనందపడే ఓపిక కూడా లేనంతగా అలిసిపోయి ఉన్నాడు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

"తాడు పొడుగైందండీ. వంగితే పళ్ళెంలో పడుతుంది," అంది ఆవిడ.

"ఇలా ఇవ్వు."

ఆవిడ కుట్టు డబ్బాలోంచి కత్తెర తీసిచ్చింది. ఆయన తాడు కొలిచి, అదనంగా ఉన్న ముక్క కత్తిరించాడు. కాజాలు కుట్టే ఇంట్లో జానెడు దారం కూడా పారెయ్యరు. ఆ ముక్కని చూపుడువేలికి వరసగా చుట్టి, చుట్ట చెదరకుండా తీసి, కిటికీ గట్టు మీద పెట్టాడు. తర్వాత తాడు రెండు కొసలూ కలిపి ముడి వెయ్యడం మొదలుపెట్టాడు.

ముడి సగంలో ఉండగా నొప్పి వచ్చింది. ఛాతీ లోపల ఎవరో పిడికిలి బిగించినట్టు వచ్చి, ఎడమ భుజంలోకి పాకింది. నుదుటి మీద చెమట పట్టింది. బిళ్ళ ఆయన అరచేతిలోనే ఉంది. బొటనవేలు దాని మీద ఆనుకునే ఉంది. నొక్కాలన్న ఆలోచన రాకపోలేదు. ఇందాకే ఆ పిల్లని ఊరికే పిలిచారు. భోజనానికి లేచి ఉంటుందేమో. మళ్ళీ లేపితే ఏమనుకుంటుంది? అయినా ఇది ఆవిడ బెల్లు. మెట్ల మీద వచ్చిందే కదా ఇదీ, కాసేపు కూర్చుంటే అదే పోతుంది. అలా అనుకుంటూ ముడి బిగించి, రెండోసారి లాగి చూశాడు. ముందుకి వంగి తాడు ఆవిడ తల మీదుగా వేసి, కింద చిక్కుకున్న జుట్టు పైకి తీశాడు.

"ఇప్పుడు?"

"సరిగ్గా ఉంది," అంది ఆవిడ, బిళ్ళని తడిమి చూసుకుని.

ఆయన వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఆవిడ ఆదివారం సంగతి మాట్లాడుతోంది. తమ్ముడొక్కడే వస్తాడో, పెళ్ళాన్ని కూడా తెస్తాడో. ఇంట్లో నాలుగు పళ్ళేలు ఒక్కలాంటివి లేవు. ఆ పిల్ల గొంతు వింటే నిజంగానే జలుబు చేసినట్టుంది, పాపం. ఆయన ఊ కొట్టడం లేదు. అలిసిపోయినప్పుడు కుర్చీలోనే కునుకు తియ్యడం ఆయనకి మామూలే. "ఏమండీ, కాళ్ళు కడుక్కుని రండి, తిందాం," అంది. "ఏమండీ." చెయ్యి చాపి మోచేతి దగ్గర కదిపింది. చెయ్యి కుర్చీ పక్కకి జారి వేలాడింది.

ఆవిడ మంచం మీదినుంచి లేవబోయింది, మోకాలు లేవనివ్వలేదు. అప్పుడు మెడలోది గుర్తొచ్చింది. రెండు చేతులతో పట్టుకుని నొక్కింది. నొక్కి, వదలకుండా నొక్కే ఉంచింది.

"చెప్పండమ్మా. మళ్ళీ టెస్టా?" అంది అదే పిల్ల.

"కాదమ్మా. మా ఆయన పలకడం లేదు."

అటువైపు గొంతు మారిపోయింది. మనుషులు బయల్దేరారని, కంగారుపడొద్దని, తను ఇక్కడే ఉంటానని, మాట్లాడుతూనే ఉండమని ఆ పిల్ల చెప్తూ పోయింది. ఆవిడ ఆయన చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని పట్టుకుంది. ఏం మాట్లాడాలో తెలియక, "నీళ్ళు తాగావామ్మా?" అని అడిగింది.

మనుషులు నిజంగానే పరుగెత్తుకొచ్చారు. వీధిలో బండి ఆగిన చప్పుడు, మెట్ల మీద బూట్ల చప్పుడు, తలుపు తోసుకుని ఇద్దరు మగవాళ్ళూ ఒక నర్సూ. కుర్చీలోంచి దించి ఆయన్ని నేల మీద పడుకోబెట్టారు, చొక్కా గుండీలు తెంపారు, చాలాసేపు ఛాతీ నొక్కారు. ఆయన కోసం ఇంతమంది ఇంత హడావిడిగా రావడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. తెలివిలో ఉంటే సిగ్గుపడి, లేచి కూర్చుని, మంచినీళ్ళు తెమ్మంటారా అని వాళ్ళనే అడిగేవాడు. చివరికి నర్సు లేచి, వచ్చి ఆవిడ పక్కన మంచం మీద కూర్చుంది.

"నొప్పి అనిగానీ, ఇంకేమన్నా గానీ అన్నారామ్మా?"

"ఏమీ అనలేదు," అంది ఆవిడ. "ఇది ఆయన చేతిలోనే ఉందమ్మా. ఇందాకటిదాకా. ఒక్కసారి నొక్కితే సరిపోయేది. నా మెడలో వేసేదాకా ఆగారు." ఆ మాట అన్నాక ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆయన మీద కోపంతో మంచం కోడుని అరచేత్తో కొట్టింది.

ఆదివారం తమ్ముడు బండి వేసుకుని వచ్చాడు. మోకాలికి పట్టీ వాడే చుట్టాడు, పైనుంచి కిందికి. ఆవిడ దిద్దలేదు. బట్టలు, మందులు, కుట్టు డబ్బా సంచుల్లో సర్దాడు. గూట్లో డబ్బా ప్లగ్గు తీశాడు. ఆకుపచ్చ దీపం ఆరిపోయింది.

"అది మెడలోంచి తీసెయ్యక్కా. డబ్బాకి దూరమైతే పనిచెయ్యదు. అయినా మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారుగా."

"ఉండనీరా," అంది ఆవిడ, బిళ్ళని జాకెట్టు లోపలికి వేసుకుంటూ.

తమ్ముడు ఆవిణ్ణి ఒక చేత్తో పట్టుకుని గుమ్మం దాటించి, తలుపు దగ్గరగా లాగి తాళం వేశాడు. గదిలో ఖాళీ మంచం, కుర్చీ, గచ్చు మీద బూట్ల మరకలు మిగిలాయి. మూసిన కిటికీ గట్టు మీద తాడుముక్క ఒకటి, మధ్యలో వేలు దూరేంత ఖాళీతో, చుట్టింది చుట్టినట్టే ఉంది.